మెల్లో క్యాండిల్: ఒక్క రికార్డు, రెండు గొంతులు

పోయిన నెల ఐర్లండ్ సంగీతం గురించి ఒకరు అడిగితే జవాబు చివర్లో "వీలైతే మెల్లో క్యాండిల్ వాళ్ల రికార్డు వినండి, ఉన్నది ఒక్కటే" అని రాశాను. ఆ ఒక్క ముక్కకి వచ్చినన్ని ఉత్తరాలు ఈ మధ్య దేనికీ రాలేదు. కొందరు విని రాశారు, కొందరు వినబోయి సందేహం వచ్చి ఆగారు, ఒకావిడ అయితే వాళ్లబ్బాయి మీద బెంగతో రాశారు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం ఆ ఐరిష్ బ్యాండుకే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: ఇంతకీ ఎవరు సార్ వీళ్లు? ఒక్క రికార్డు చేసి వెళ్లిపోయిన వాళ్ల గురించి అంత గట్టిగా చెప్పారంటే ఏదో ఉండే ఉంటుంది. కాస్త మొదటినుంచి చెప్పండి.
– ఒక పాఠకుడు, రాజమండ్రి

జవాబు: డబ్లిన్ నగరానికి దక్షిణాన, సముద్రం ఒడ్డున కిల్లైనీ అనే చోటు ఉంది. అక్కడ సన్యాసినులు నడిపే హోలీ చైల్డ్ కాన్వెంటు బడిలో 1960ల మొదట్లో క్లోడా సైమండ్స్, ఆలిసన్ బూల్స్, మరియా వైట్ అనే ముగ్గురు ఆడపిల్లలు కలిసి పాడుకునేవాళ్లు. అందరిలాగా రేడియో పాటలు పాడి ఊరుకోలేదు, సొంతంగా కట్టుకోవడం మొదలుపెట్టారు. 1968కి వాళ్ల పాటలు లండన్‌లో సైమన్ నేపియర్-బెల్ చెవిన పడ్డాయి. యార్డ్‌బర్డ్స్ బ్యాండుకి మేనేజరుగా చేసిందీ ఆయనే, తర్వాత 80లలో వామ్ అనే పాప్ జంటని నడిపించిందీ ఆయనే. తన సొంత రికార్డు లేబుల్ ఎస్.ఎన్.బి. మీద 'ఫీలింగ్ హై' అనే సింగిల్, అంటే వైపుకో పాట ఉండే చిన్న రికార్డు, వేశాడు, దాని వెనకవైపు 'టీ విత్ ద సన్'. క్లోడాకీ ఆలిసన్‌కీ అప్పుడు పదిహేను, పదహారేళ్లు. అంటే మన పదో తరగతి, ఇంటర్ పిల్లలు. అది అమ్ముడుపోలేదు, ఎవరిళ్లకి వాళ్లు వెళ్లిపోయారు.

అక్కడితో అయిపోవాల్సిన కథే. కానీ క్లోడా, ఆలిసన్ మళ్లీ కలిశారు. ఈసారి గిటార్‌తో డేవ్ విలియమ్స్, బాస్‌కి ఫ్రాంక్ బాయిలన్, డ్రమ్స్‌కి విలియమ్ ముర్రే తోడయ్యారు. 1971 డిసెంబరులో లండన్‌లో డెక్కా వాళ్ల స్టూడియోలో రికార్డింగు జరిగింది, 1972 ఏప్రిల్‌లో డెక్కాకే చెందిన డెరామ్ లేబుల్ మీద వాళ్ల ఒకే ఒక్క ఆల్బం 'స్వాడ్లింగ్ సాంగ్స్' బయటికి వచ్చింది. పన్నెండు పాటలు. ప్రొడ్యూసర్ డేవిడ్ హిచ్‌కాక్, అదే ఏడాది జెనెసిస్ బ్యాండుకి 'ఫాక్స్‌ట్రాట్' చేసిపెట్టిన మనిషి. తెలిసినవాళ్ల చేతుల్లోనే పడిందన్నమాట. 1973కి బ్యాండు లేదు.

'స్వాడ్లింగ్' అంటే అప్పుడే పుట్టిన బిడ్డని గుడ్డలో బిగించి చుట్టడం. మనకి చక్కటి మాట ఉంది, పొత్తిళ్లు. పొత్తిళ్ల పాటలు అనుకోండి. అయితే జోలపాటలు ఉంటాయని మాత్రం అనుకోకండి. ఇందులో మంత్రగత్తె ఉంది, కబురు మోసే పక్షులున్నాయి, చివరి పాట పేరులోనే సమాధి ఉంది. ఇరవై నిండీ నిండని పిల్లలు రాసిన పాటలివి, ఆ వయసులో భయాలూ దేవుడూ చావూ ఎంత దగ్గరగా కనిపిస్తాయో అంత దగ్గరగా ఉన్నాయి.

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ మూడో ఏడాది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని రాత్రిళ్లు ఇలాంటివే వింటున్నాడు. ఏంట్రా అంటే "సైకడెలిక్ సెల్టిక్ రాక్ అమ్మా" అన్నాడు. సైకడెలిక్ అంటే మత్తుమందులకి సంబంధించిందని ఎక్కడో చదివాను. అప్పట్నుంచీ నాకు ఒకటే టెన్షన్. నిజం చెప్పండి.
– ఒక తల్లి, నల్గొండ

జవాబు: అమ్మా, మీరు చదివింది అబద్ధం కాదు. ఆ మాట 1950లలో ఎల్.ఎస్.డి. లాంటి మందుల మీద పరిశోధన చేసిన డాక్టర్ల దగ్గర పుట్టింది, 1966, 67 ప్రాంతంలో సంగీతంలోకి వచ్చింది. ఆ రోజుల్లో ఆ మందులు వాడిన సంగీతకారులు చాలామందే ఉన్నారు, దాచాల్సిన పని లేదు. కానీ తర్వాత ఆ మాట ఒక ధ్వనికి పేరైపోయింది. గొంతు గుహలోంచి వస్తున్నట్టు వినిపించడం, పాట ఉన్నట్టుండి దారి మార్చేయడం, మూడు నిమిషాల్లో ముగియాల్సింది సాగి సాగి ఎటో వెళ్లడం, కల లాంటి మాటలు, ఇవన్నీ కలిపి ఇప్పుడు సైకడెలిక్ అంటున్నారు. అది వినడానికి ఏ మందూ అక్కర్లేదు.

మెల్లో క్యాండిల్ దగ్గర ఆ లక్షణం సన్నగానే ఉంటుంది. కాన్వెంటులో ప్రార్థనలు పాడుతూ పెరిగిన గొంతులవి, ఆ శుభ్రత ఎక్కడా పోలేదు. 'రెవరెండ్ సిస్టర్స్' అని ఒక పాట ఉంది, వాళ్లకి చదువు చెప్పిన సన్యాసినుల మీద రాసిందే. పియానో ముందుండి నెమ్మదిగా నడుస్తుంటే రెండు గొంతులు దాని వెంటే వెళ్తాయి. బడి వదిలేశాక బడి గుర్తొస్తే ఎలా ఉంటుందో, అటు ప్రేమా కాదు ఇటు కోపమూ కాదు, సరిగ్గా అలా ఉంటుంది. ఒక రాత్రి మీ అబ్బాయిని ఆ పాట పెట్టమనండి, ఒక ఇయర్‌ఫోన్ మీరు తీసుకోండి. నేను మాటవరసకి అనడం లేదు, నిజంగా వినండి. వాడు ఏం వింటున్నాడో మీకు తెలుస్తుంది, మీరు అడిగి విన్నారని వాడికి గుర్తుండిపోతుంది.

ప్రశ్న: ఆ అమ్మాయి పేరు ఎలా పలకాలి? ఇంగ్లీషు స్పెల్లింగు చూస్తే చివర జి, హెచ్ ఉన్నాయి.
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: క్లోడా. చివరి రెండు అక్షరాలూ పలకరు. ఐర్లండ్‌లో అదొక నది పేరు కూడా.

ప్రశ్న: సెల్టిక్ అంటే ఎవరు? మెల్లో క్యాండిల్ వాళ్లు ఐర్లండ్ వాళ్లు కాబట్టే సెల్టిక్ అంటున్నారా, సంగీతంలో కూడా ఏమైనా ఉందా? నేను విన్నంతలో అందులో ఫిడేలు గానీ బ్యాగ్‌పైప్ గానీ లేవు.
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: మంచి చెవి మీది. లేవు, నిజమే.

ఐర్లండ్, స్కాట్లండ్, వేల్స్, కార్న్‌వాల్, మ్యాన్ దీవి, ఫ్రాన్సులో బ్రిటనీ, ఈ నేలల పాత భాషలన్నీ ఒకే కుటుంబంవి. ఆ భాషలవాళ్ల పాటల్ని కలిపి సెల్టిక్ సంగీతం అంటున్నారు. 1970ల మొదట్లో ఆ పాత బాణీలకి ఎలక్ట్రిక్ గిటారూ డ్రమ్సూ జోడించినవాళ్లు వచ్చారు. బ్రిటనీలో హార్ప్ వాయించే అలాన్ స్టివెల్, ఐర్లండ్‌లో హార్స్‌లిప్స్. 1972 చివర్లో థిన్ లిజ్జీ అనే ఐరిష్ రాక్ బ్యాండు వాళ్లు 'విస్కీ ఇన్ ద జార్' అనే జానపదాన్ని రాక్ పాటగా చేస్తే, మరుసటి ఏడాది మొదట్లో బ్రిటన్ పట్టికలో ఆరో స్థానం దాకా వెళ్లింది.

మెల్లో క్యాండిల్ వాళ్లు ఆ దారిన పోలేదు. ఊరి పాట ఒక్కటీ తీసుకోలేదు, రికార్డులో ఉన్నవన్నీ సొంతంగా కట్టినవే. అందుకే వాళ్లని సెల్టిక్ రాక్ కింద వేయొచ్చా అని ఇప్పటికీ వాదించేవాళ్లున్నారు. వేయొచ్చని నేనంటాను. వాయిద్యాన్ని బట్టి కాదు, స్వరం వంపుని బట్టి. పాట రాగం కదిలే తీరులో, వాక్యం చివర గొంతుని పైకి లేపకుండా కిందికి వదిలేసే తీరులో ఆ నేల వినిపిస్తుంది. మన సినిమా పాటలో తబలా లేకపోయినా, మొత్తం గిటార్ మీదే నడిచినా, ఇది ఎరుకల పాట బాణీ, ఇది తత్వం బాణీ అని మనకి తెలిసిపోదూ? అలాగే.

ప్రశ్న: నేను పదేళ్లుగా కర్ణాటక సంగీతం నేర్చుకుంటున్నాను, పిల్లలకి పాఠాలు చెబుతున్నాను. మీరు చెప్పారని విన్నాను. ఇద్దరూ బాగా పాడుతున్నారనిపించింది కానీ ఎవరి పాటని పట్టుకోవాలో తెలియలేదు. రెండు వేర్వేరు స్వరాలు ఒకేసారి వస్తుంటే చెవి తికమకపడింది. ఎలా వినాలి? మన రాగాలకి దగ్గరగా ఏమైనా ఉందా?
– ఒక సంగీతం టీచర్, విజయవాడ

జవాబు: మీ ఉత్తరం చూసి చాలా సంతోషించాను, ఎందుకంటే ఈ రికార్డులో ప్రాణం అంతా మీరు తికమకపడిన చోటే ఉంది.

ముందు రాగాల సంగతి. ఐర్లండ్ పాత బాణీల్లో చాలావాటికి ఆధారం రెండు మూడు స్వర వరుసలే. అక్కడ డోరియన్ అనేది మన ఖరహరప్రియ స్వరాలే, మిక్సోలిడియన్ అనేది మన హరికాంభోజి స్వరాలే. గమకం వేరు, నడక వేరు, మెట్లు మాత్రం అవే. తాళం కూడా మీకు కొత్త కాదు. జిగ్ అనే ఆట పాటని తకిట తకిట అని లెక్క పెట్టొచ్చు, స్లిప్ జిగ్ అయితే ఇంకో తకిట కలుస్తుంది, రీల్ అయితే తకధిమి. ఐరిష్ పాట ఒకటి పెట్టి పిల్లల చేత చేత్తో తాళం వేయించండి, ఐదు నిమిషాల్లో పట్టేస్తారు.

ఇక హార్మొనీ. మన దగ్గర పదిమంది కలిసి పాడినా ఒకే స్వరం పాడతారు, భజనలో ఎవరైనా పక్క స్వరం పట్టుకుంటే శ్రుతి తప్పారని తిరిగి చూస్తాం. కాబట్టి మన చెవి ఎప్పుడూ ఒక గీతనే వెతుకుతుంది. అక్కడ రెండు గీతలుంటాయి, రెండూ అసలువే. నేను చేసింది చెబుతాను, పనికొస్తుందేమో చూడండి. మొదటి పాట 'హెవెన్ హీత్' పెట్టండి. అందులో హార్ప్సికార్డ్ అనే పాత వాయిద్యం వినిపిస్తుంది, పియానో లాగే మెట్లుంటాయి గానీ లోపల తీగని సుత్తితో కొట్టదు, మీటుతుంది, అందుకే శబ్దం వీణకి కాస్త దగ్గరగా తళుక్కుమంటుంది. మొదటిసారి వింటూ పై గొంతుని మాత్రమే పట్టుకుని చివరిదాకా వెళ్లండి. రెండోసారి పై గొంతుని పూర్తిగా వదిలేసి కింది గొంతుతో మీరు కూడా లోలోపల పాడండి. ఇది కష్టం, రెండుమూడు చోట్ల జారి పైదానికి వెళ్లిపోతారు, వెనక్కి జరిపి మళ్లీ మొదలుపెట్టండి. మూడోసారి ఏమీ పట్టుకోకుండా వినండి. అప్పుడు రెండు గొంతుల మధ్య ఖాళీ వినిపిస్తుంది, ఆ ఖాళీ దగ్గరవడం, దూరమవడం, ఒక్కోచోట రెండూ ఒకే స్వరం మీద కలిసి మళ్లీ విడిపోవడం. నాకు అలా వినిపించిన రోజు నేను రికార్డు ఆపేసి కాసేపు ఊరికే కూర్చున్నాను. అంతకుముందు, దూరంగా ఉన్న మిత్రుడొకడు సీడీ పంపితే దాదాపు నెల రోజులు పెట్టి తీసి, తీసి పెట్టి, "బాగానే ఉంది" అనుకుంటూ తిరిగినవాణ్ణి.

ఇంకొకటి. పెద్దయ్యాక ఉద్యోగంలా కలిసిన ఇద్దరు పాడితే ఇలా రాదు. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో చెప్పుకోకుండానే ఇద్దరికీ తెలుసు. చిన్నప్పుడు ఒకే బడిలో కలిసి పాడుతూ పెరిగినవాళ్లు కదా. మన పల్లెల్లో నాట్లు వేసేటప్పుడు ఒకే వీధిలో పెరిగిన ఆడవాళ్లు పాట ఎత్తుకుంటే ఆ గొంతుల కలయిక ఎలా ఉంటుందో మీరు వినే ఉంటారు. చివరి పాట 'బోల్డర్స్ ఆన్ మై గ్రేవ్'లో అయితే మాటలు పక్కన పెట్టేసి ఉత్త స్వరాల మీద ఇద్దరూ పరుగు పెడతారు. మీ పిల్లలకి ముందు అదే వినిపించండి, నవ్వుతారు, తర్వాత మళ్లీ పెట్టమంటారు.

ప్రశ్న: అంత బాగుంటే ఎందుకు ఆడలేదు? ఎందుకు విడిపోయారు? ఆ తర్వాత వాళ్లు ఏమయ్యారో తెలుసుకోవాలనుంది.
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: అప్పట్లో ఐర్లండ్‌లో బతుకుతెరువు ఉన్నది షోబ్యాండులకే. సూట్లు వేసుకుని డ్యాన్సు హాళ్లలో పక్క దేశాల హిట్ పాటలు వాయించే పెద్ద బృందాలవి. సొంత పాటలు రాసుకునే బ్యాండు నిలబడాలంటే లండన్ వెళ్లాల్సిందే. వీళ్లూ ఆ దారే పట్టారు, థిన్ లిజ్జీకి మేనేజరుగా ఉన్న టెడ్ కారల్ వీళ్లనీ చూసుకున్నాడు. కానీ 'స్వాడ్లింగ్ సాంగ్స్' వచ్చిన 1972లో బ్రిటన్ కుర్రకారు మెరుపు బట్టల గ్లామ్ రాక్ వెంట ఉన్నారు. ఈ పాటల్లో రేడియోలో చటుక్కున పట్టే ముక్క లేదు. రికార్డు అమ్ముడుపోకపోతే ప్రదర్శనలకి డబ్బు రాదు, డబ్బు రాకపోతే ఐదుగురు ఒకచోట ఉండటం ఎన్నాళ్లు? నాకు బాధ కలిగించేది ఏంటంటే, కంపెనీ వాళ్లకి రెండో రికార్డు చేసే అవకాశం ఇచ్చి ఉంటే ఎక్కడికి వెళ్లేవాళ్లో అన్నది. రెండో అడుగు వేయనివ్వకుండానే కథ ముగిసింది.

మనుషులు మాత్రం ఆగలేదు. క్లోడా 1972లోనే వచ్చిన థిన్ లిజ్జీ రెండో ఆల్బంలో కీబోర్డు వాయించింది. తర్వాత ఇంగ్లండ్ సంగీతకారుడు మైక్ ఓల్డ్‌ఫీల్డ్ 'హెర్జెస్ట్ రిడ్జ్' (1974), 'ఒమ్మడాన్' (1975) రెండింటిలోనూ ఆమె గొంతు ఉంది. 'ఒమ్మడాన్' విన్నవాళ్లు మన దగ్గర చాలామందే ఉంటారు. ఆ పేరు ఐరిష్ మాట 'అమడాన్' నుంచి వచ్చింది, వెర్రివాడు అని అర్థం. ఆ రికార్డులోనే డ్రమ్మర్ విలియమ్ ముర్రే కూడా తాళవాద్యాలు వాయించాడు, చివర్లో వచ్చే గుర్రపు స్వారీ పాట మాటల్లో అతని చెయ్యి ఉంది. అతనూ ఓల్డ్‌ఫీల్డూ అంతకుముందు ఇంగ్లండ్ గాయకుడు కెవిన్ ఏయర్స్ బృందంలో వాయించినవాళ్లే. అంటే మెల్లో క్యాండిల్ పేరు వినని లక్షలమంది, తెలియకుండానే అందులో ఇద్దరిని విన్నారు.

ఆలిసన్, గిటారిస్టు డేవ్ విలియమ్స్‌ని పెళ్లి చేసుకుని దక్షిణాఫ్రికా వెళ్లింది. అక్కడ ఫ్లిబర్టిజిబెట్ అనే బ్యాండు పెట్టి 1978లో 'విస్లింగ్ జిగ్స్ టు ద మూన్' అనే రికార్డు చేశారు. సొంత దేశంలో ఉన్నప్పుడు ముట్టుకోని ఊరి పాటల్ని అంత దూరం వెళ్లాక దగ్గరకి తీసుకున్నారు. అమెరికాలో ఉన్న మనవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు, ఇక్కడున్నంతకాలం పట్టించుకోని బతుకమ్మ పాట అక్కడ గొంతెత్తి పాడతారు. ఆలిసన్ చాలా ఏళ్ల తర్వాత ఆలిసన్ ఓడానెల్ పేరుతో మళ్లీ పాడింది, క్లోడా 2005 నుంచి ఫోవియా హెక్స్ అనే పేరుతో రికార్డులు తెచ్చింది, పేరున్న ప్రొడ్యూసర్ బ్రయన్ ఈనో లాంటివాళ్లు వాటిలో పనిచేశారు.

ప్రశ్న: లండన్‌లో మా తమ్ముడు సెకండ్‌హ్యాండ్ రికార్డుల షాపుల్లో తిరుగుతుంటాడు. ఈ ఆల్బం పాత కాపీ దొరికితే మంచి రేటు వస్తుందట కదా? అసలుదని ఎలా గుర్తుపట్టాలి?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: వస్తుంది. అప్పట్లో అమ్ముడుపోనిది కాబట్టే మిగిలినవి తక్కువ, మొదటి ముద్రణ కాపీలు వెయ్యి పౌండ్లు దాటి పోయిన సందర్భాలున్నాయి. మొదటిదాని నంబరు ఎస్.డి.ఎల్. 7, లేబుల్ డెరామ్. నంబరు ఒక్కటే చూసి డబ్బు పెట్టొద్దని చెప్పండి, తర్వాత వచ్చిన ముద్రణలు చాలా ఉన్నాయి. పాటలు అయిపోయాక, మధ్యలో అతికించిన లేబుల్ కాగితం చుట్టూ ఉండే నున్నటి భాగంలో సన్నగా చెక్కిన అంకెలుంటాయి, వాటిని తెలిసినవాళ్లకి చూపించి నిర్ధారించుకోవాలి.

కానీ ఒక మాట మనసులో పెట్టుకుని చెప్పకుండా ఉండలేను. ఈ ధర గొడవే ఈ రికార్డుకి పెద్ద అన్యాయం చేసింది. ఎక్కడ మెల్లో క్యాండిల్ పేరెత్తినా ముందు ధర చెబుతారు, తర్వాత ఎన్ని కాపీలున్నాయో చెబుతారు, గొంతుల దగ్గరికి వచ్చేసరికి మాట అయిపోతుంది. అద్దాల బీరువాలో సీలు విప్పకుండా ఉన్న కాపీ కంటే మీ ఫోన్లో నడిచే పాట మేలు. మళ్లీ ముద్రించిన ఎల్పీలు, సీడీలు మామూలు ధరకే దొరుకుతాయి. తమ్ముడిని ముందు అది కొనుక్కుని వినమనండి. అసలుది దొరికితే అప్పుడు చూసుకోవచ్చు.

ప్రశ్న: కాలేజీలో ఐదుగురం కలిసి బ్యాండు పెట్టాం. తొమ్మిది సొంత పాటలు, తెలుగులోనే. ఏడాదిన్నర నడిచింది. క్యాంపస్ ప్లేస్‌మెంట్లు వచ్చాక ఒకడు పుణె, ఇద్దరు బెంగళూరు, ఒకడు టెక్సస్. నేను ఇక్కడే. గొడవలేమీ లేవు, ఊరికే ఆగిపోయింది. మీరు పోయిన నెల రాసింది చదివి ఆ పాటలు మళ్లీ విన్నాను. వాటిని ఏం చేయాలి సార్?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: బాబూ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మెల్లో క్యాండిల్ వాళ్లు ఆల్బంకి ముందు చేసుకున్న డెమో టేపులు ఎక్కడో భద్రంగా ఉండబట్టి, పాతికేళ్ల తర్వాత 1990లలో 'ద వర్జిన్ ప్రాఫెట్' పేరుతో బయటికి వచ్చాయి. ఆల్బంలో పూర్తిగా పండిన పాటలు ముందు పచ్చిగా ఎలా ఉండేవో ఆ టేపుల వల్లే నాలాంటివాళ్లకి తెలిసింది. ఎవరో ఒకరు పారేయకుండా ఉంచారు, అంతే.

కాబట్టి ఈ వారమే పని మొదలుపెట్టు. నీ ఫోన్లో ఉన్నవే కాదు, ఆ నలుగురి దగ్గరా అడుగు, ముఖ్యంగా రిహార్సల్స్‌లో ఫోను పక్కన పెట్టి రికార్డు చేసే అలవాటు ఒకడికి ఉండే ఉంటుంది. వాట్సాప్‌లో పంపించుకుంటే శబ్దం పాడవుతుంది, అసలు ఫైళ్లు డ్రైవ్‌లో పెట్టమను. ఒక్కోదానికి పాట పేరు, తేదీ, ఎవరు ఏం వాయించారు, ఎక్కడ, ఇవి రాసిపెట్టు, ఇప్పుడు గుర్తున్నవి పదేళ్లకి ఉండవు. సాహిత్యం తప్పుల్లేకుండా టైపు చేయి, గిటార్ కార్డ్స్ పైన వేయి. రెండు చోట్ల కాపీ ఉంచు. సంక్రాంతికి టెక్సస్ వాడు తప్ప మిగతా అందరూ ఊరికి వస్తారు కదా, ఒక పూట కూర్చుని తొమ్మిదింటినీ ఒకసారి వాయించి రికార్డు చేసుకోండి, అతను ఫోన్లో వింటూ ఉంటాడు. ఆ తర్వాత ఒక పాట నాకు పంపు. వింటాను.